ప్రగతి నగర్ చెక్‌పోస్టు

2017 జులై 1న జీఎస్టీ వచ్చింది. రాష్ట్రాల సరిహద్దుల్లో వాణిజ్య పన్నుల చెక్‌పోస్టులు లేచిపోయాయి. 2025 అక్టోబరులో తెలంగాణ ప్రభుత్వం రవాణా శాఖ చెక్‌పోస్టులు కూడా మూసేసింది. ఇక సరుకు బండి కాశ్మీరు నుంచి కూకట్‌పల్లి దాకా గాలిలో తేలుతూ వచ్చేస్తుందని అమాయకులు సంబరపడ్డారు. వాళ్లకు తెలియని రహస్యం ఒకటుంది. చెక్‌పోస్టుకు చావు లేదు, బదిలీయే ఉంటుంది. సరిహద్దులో రద్దయిన చెక్‌పోస్టు సకుటుంబంగా మా ప్రగతి నగర్‌కు బదిలీ అయి వచ్చింది.

జేఎన్‌టీయూ దగ్గర మలుపు తిరిగి, నిజాంపేట క్రాస్ రోడ్డు దాటి, చెరువు పక్క నుంచి లోపలికి రండి. అపార్ట్‌మెంటుకో చెక్‌పోస్టు, విల్లాల వరసకో చెక్‌పోస్టు. ఒక అడ్డకర్ర, ఒక సీసీ కెమెరా, చేతివిరిగిన ఒక ప్లాస్టిక్ కుర్చీ, దారంతో కట్టిన పెన్ను, దాని కింద రిజిస్టరు. పాత హైదరాబాద్ కోటగోడకు బోలెడు దర్వాజాలు ఉండేవట. ఇప్పుడు పురానాపూల్, దబీర్‌పురా రెండే మిగిలాయి. మిగతావి ఎక్కడికి పోయాయో అని చరిత్రకారులు బెంగపెట్టుకోనక్కర్లేదు. మా రోడ్డు మీద లెక్కపెట్టుకుంటే వడ్డీతో సహా దొరుకుతాయి. నవాబుల కాలంలో రాత్రిపూటే తలుపులు వేసేవాళ్లు. మా వాళ్లకు పగలూ అనుమానమే.

ఈ చెక్‌పోస్టు పని తీరు చూడాలంటే ఫ్రిజ్ తెచ్చిన ట్రాలీ ఆటో వెనకాల కాసేపు నిలబడితే చాలు.

"ఎవరింటికి?"

"సీ బ్లాక్, ఐదు వందల రెండు అన్నా. ఫ్రిజ్."

"ఐడీ?"

"బిల్లుంది. సార్ ఫోన్‌కు ఓటీపీ గూడ వచ్చింది, సార్ రమ్మన్నడు."

"బిల్లు ఫ్రిజ్‌ది. ఓటీపీ సార్‌ది. నీదేది?"

చూశారా తర్కం! కాశీలో చదివొచ్చిన తార్కికులు కూడా ఇక్కడ నోరు మూసుకోవాల్సిందే. ఫ్రిజ్‌కు సీరియల్ నంబరు ఉంది, బిల్లు ఉంది, పదేళ్ల వారంటీ ఉంది. దాన్ని వీపున మోసి ఐదో అంతస్తు మెట్లెక్కించే మనిషికి మాత్రం ఏ వారంటీ లేదు కదా, అందుకని అతను మనిషేనని రుజువు కావాలి. జేబులోంచి లైసెన్సు తీస్తాడు. గార్డు దాన్ని తన ఫోన్‌తో ఒక ఫొటో, యాప్‌తో ఇంకో ఫొటో తీస్తాడు. "తల ఎత్తు" అని మొహానికో ఫొటో. బండి నంబరుకో ఫొటో. తర్వాత ఆ లైసెన్సు సొరుగులోకి వెళ్తుంది. దాని బదులు అంచులు అరిగిన ప్లాస్టిక్ బిళ్ల చేతికొస్తుంది. పోయేటప్పుడు బిళ్ల ఇచ్చి లైసెన్సు పట్టుకుపోవాలి. పెళ్లిచూపులకు వెళ్లిన వరుడు కూడా ఇన్ని ఫొటోలు దిగడు.

ఇక్కడ చట్టం ఏమంటుందో చూద్దాం, సరదాకి. 1988 మోటారు వాహనాల చట్టంలో 130వ సెక్షను ఉంది. బహిరంగ ప్రదేశంలో బండి నడిపేవాడిని లైసెన్సు చూపించమని అడిగే హక్కు యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారికి ఇచ్చింది. బండి కాగితాలు అడిగే హక్కు రవాణా శాఖ అధికారులకు వేరేగా ఇచ్చింది. అపార్ట్‌మెంట్ వెల్ఫేర్ అసోసియేషన్ సెక్రటరీ గారి పేరు ఆ సెక్షన్‌లో ఎంత వెతికినా కనపడదు. ముద్రారాక్షసం అయ్యుంటుంది. అదే సెక్షను ఇంకో మాట కూడా అంటుంది: ఏ అధికారి అయినా లైసెన్సు తీసేసుకుని ఉంటే, ఆయన ఇచ్చిన రసీదు చూపించినా సరిపోతుంది. మరి మా గేటు బిళ్ల? ట్రాలీ లోపల ఉండగా సరుకు దింపే చోటు మారి, వెనక గేటు నుంచి రోడ్డెక్కాల్సి వచ్చిందనుకోండి. మలుపులో ట్రాఫిక్ ఎస్సై ఆపి లైసెన్సు అడిగితే డ్రైవర్ ఏం చూపించాలి? 'విజిటర్ 14' అని రాసున్న ప్లాస్టిక్ బిళ్లా?

పోనీ అసలు కార్డు ఎందుకు, ఫోన్లో డిజీలాకర్ ఉంది కదా అంటారా! 2020 అక్టోబరు 1 నుంచి కేంద్ర మోటారు వాహనాల నియమాలు మారాయి. డిజీలాకర్‌లోనో ఎంపరివాహన్‌లోనో ఉన్న లైసెన్సును, ఆర్సీని పోలీసు అసలు కాగితంతో సమానంగా ఒప్పుకోవాలి. ఒప్పుకుంటున్నాడు కూడా. మా గేటు ఒప్పుకోదు. "ఫోన్లో ఉన్నది సొరుగులో ఎట్ల పెట్టాలె?" అంటాడు గార్డు. న్యాయమే. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్న సామెత పుట్టిన రోజుకి డిజీలాకర్ లేదు, అంతే తేడా.

ఇక లైసెన్సు పరిశీలన ఘట్టం. పదిహేనేళ్ల కింద తీసుకున్న లైసెన్సు మీద ఆంధ్రప్రదేశ్ అని ఉంటుంది. 2014 తర్వాత కొన్న బండి మీద టీఎస్. 2024 మార్చి తర్వాత రిజిస్టరైన బండి మీద టీజీ. డ్రైవర్ అదే మనిషి, తిరిగేది అదే రోడ్డు. ప్రభుత్వాలు పలక మీద అక్షరాలు మార్చుకుంటూ పోతే, ఆ మూడు పలకల మధ్య తేడా ఏమిటో గేటు దగ్గర ఎండలో నిలబడి సంజాయిషీ చెప్పుకోవాల్సింది డ్రైవరు. "ఆధార్‌లో ఒక ఊరు, నువ్వు చెప్పేది ఇంకో ఊరు. ఏందిది?" అని నిలదీసే ప్రగతి నగర్ వాసుల్ని చూస్తే నాకు ముచ్చటేస్తుంది. ఎందుకంటే ఈ ఊరి సొంత చిరునామా సంగతి ఏమిటి? నిన్నమొన్నటిదాకా గ్రామ పంచాయతీ. 2016లో జిల్లాల విభజనతో రంగారెడ్డి పోయి మేడ్చల్ వచ్చింది. 2019లో బాచుపల్లితో కలిసి నిజాంపేట నగరపాలక సంస్థలోకి వెళ్లింది. కదలకుండా కూర్చున్న కాలనీ ఇన్నిసార్లు చిరునామా మార్చుకోవచ్చు. చక్రాల మీద బతికే డ్రైవర్ మాత్రం మార్చుకోకూడదు. పాత ఆధార్ కార్డులు తీసి చూసుకోండి, సెక్రటరీ గారే ఇంకా రంగారెడ్డి జిల్లాలో కాపురం ఉంటున్నారేమో.

ఆధార్ అన్నాం కాబట్టి దాని ముచ్చట కూడా తేల్చేద్దాం. 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని తీర్పు చెప్పింది. 2018 సెప్టెంబరు 26న ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ప్రైవేటు కంపెనీలు ఆధార్ ధ్రువీకరణ వాడుకునే వెసులుబాటును కొట్టేసింది. బ్యాంకు ఖాతాకు, సెల్‌ఫోన్ సిమ్‌కు ఆధార్ తప్పనిసరి కాదంది. సిమ్ కార్డుకు అక్కర్లేని ఆధార్ సిమెంటు బస్తా దింపడానికి కావాలి! నాలుగేళ్ల తర్వాత ఇంకో చిత్రం జరిగింది. 2022 మే 27న ఆధార్ సంస్థ బెంగళూరు కార్యాలయం ఒక ప్రకటన ఇచ్చింది. ఆధార్ జిరాక్సులు ఎవరికి పడితే వాళ్లకు ఇవ్వకండి, దుర్వినియోగం అవుతాయి, ఇవ్వాల్సి వస్తే చివరి నాలుగు అంకెలే కనపడే కార్డు ఇవ్వండి అని. జనం నిజమే కాబోలు అనుకునేలోపు, మే 29న ఆ ప్రకటనను అపార్థం చేసుకునే ప్రమాదం ఉందంటూ కేంద్రం వెనక్కి తీసుకుంది. సర్కారు ఆధార్ మీద రెండు రోజులు భయపడి మూడో రోజు ధైర్యం తెచ్చుకుంది. మా గార్డుకు మొదటి రోజు నుంచీ ధైర్యమే.

అసలు ఆ జిరాక్సుతో, ఆ ఫొటోతో గేటు ఏం పరీక్షిస్తుంది? ఆధార్ మీద క్యూఆర్ కోడ్ ఉంది. దాన్ని చదివితే కార్డు అసలుదో నకిలీదో తెలుస్తుంది. ఫొటో తీస్తే, కార్డుకు ఫొటో ఉందని తెలుస్తుంది. రంగు జిరాక్సు తీసి లామినేషన్ చేయించుకొచ్చినవాడికీ అసలు కార్డు చూపినవాడికీ అదే బిళ్ల, అదే సలాము. ఇక రిజిస్టరు. పేరు, ఫోన్ నంబరు, ఏ ఫ్లాటుకు, సంతకం. గేటు దగ్గర బల్ల మీద తెరిచి ఉంటుంది. ఎవరొచ్చి తమ పేరు రాసినా, పైన ఉన్న పాతిక మంది నంబర్లు చదువుకోవచ్చు. ఏ ఫ్లాటుకు ఎప్పుడు ఏ సామాను వచ్చిందో కూడా అందులోనే ఉంటుంది. దొంగకు ఇంతకన్నా మంచి పుస్తకం ఏ లైబ్రరీలోనూ దొరకదు. ప్రవేశం ఉచితం.

వ్యక్తిగత డిజిటల్ డేటా రక్షణకు 2023లో చట్టం వచ్చింది. 2025 నవంబరులో దాని నియమాలూ వచ్చాయి. డేటాను సరిగ్గా కాపాడకపోతే 250 కోట్ల రూపాయల దాకా జరిమానా వేయొచ్చట. కానీ ఆ చట్టం డిజిటల్ రూపంలో ఉన్న సమాచారానికీ, కాగితం నుంచి డిజిటల్‌కు ఎక్కించిన సమాచారానికీ వర్తిస్తుంది. గేటు దగ్గరి నోటుపుస్తకం నోటుపుస్తకంగా ఉన్నంతకాలం దాని జోలికి రాదు. అదే పేజీని గార్డు ఫోన్లో ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టాడా, కథ మారుతుంది. గ్రూపులో ఉన్న రెండొందల మంది ఐటీ నిపుణుల్లో సగం మంది పగలంతా హైటెక్ సిటీలో అమెరికా కంపెనీల డేటా గోప్యత కాపాడేవాళ్లే. సాయంత్రం ఇంటికొచ్చి "ఈ ట్రాలీవాడు ఎవరో అనుమానంగా ఉన్నాడు, చూడండి" అని అతని లైసెన్సు ఫొటో గ్రూపులో పెడతారు. పగటి వృత్తి వేరు, సాయంత్రపు పౌరధర్మం వేరు.

కాగితాలన్నీ సక్రమంగా ఉంటే భయమెందుకు అని అడిగే పెద్దమనుషులకు మన హైదరాబాద్ కేసే ఒకటి వినిపించాలి. 2020 జనవరిలో ఒక వ్యాపార సంస్థ కాగితం సరుకును ట్రాలీ ఆటోలో పంపింది. ఇన్వాయిస్ ఉంది, ఈ-వే బిల్లు ఉంది. దారిలో పౌరసత్వ చట్టం మీద నిరసన ప్రదర్శన, ట్రాఫిక్ స్తంభించింది. శనివారం పొద్దు వాలింది, మర్నాడు ఆదివారం. డ్రైవర్ బండిని ఇంటి దగ్గర పెట్టుకుని సోమవారం డెలివరీకి బయల్దేరాడు. ఈలోగా ఈ-వే బిల్లు గడువు తీరిపోయింది. అంతే, తనిఖీ అధికారి బండిని పట్టుకున్నారు. పన్ను ఎగ్గొట్టే ఉద్దేశమేనని తేల్చారు. పన్నూ జరిమానా కలిపి 69 వేలు వసూలు చేశారు. మరి పట్టుకున్న సరుకు ఎక్కడ పెట్టారు? ఆ అధికారి బంధువుల ఇంట్లో! తెలంగాణ హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసి 10 వేలు ఖర్చుల కింద చెల్లించమంది. అధికారులు ఊరుకోక సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2022 జనవరి 12న సుప్రీంకోర్టు పిటిషను తోసిపుచ్చి ఇంకో 59 వేలు వేసింది. 10, 59 కూడుకోండి. న్యాయమూర్తులకు కూడా లెక్కలో వ్యంగ్యం తెలుసు.

ఈ కేసులో డ్రైవర్ కాగితం గడువు మాత్రమే తప్పింది. తనిఖీ చేసినాయన మొత్తం దారే తప్పాడు. చెక్‌పోస్టు చరిత్ర అంతా ఇదే. అడిగేవాడికి వంద ప్రశ్నలుంటాయి, అతన్ని అడగడానికి ఒక్కడు ఉండడు. సర్కారు చెక్‌పోస్టు మీద కోర్టుకు వెళ్లడానికి ఆ వ్యాపార సంస్థకు స్తోమత ఉంది. ప్రగతి నగర్ గేటు మీద ఏ కోర్టుకు వెళ్లాలి ట్రాలీ డ్రైవరు? వెళ్లినా, ఆ రోజు కిరాయి ఎవరిస్తారు?

భద్రత అక్కర్లేదని నేననడం లేదు. పెద్దవాళ్లు ఒంటరిగా ఉండే ఇళ్లున్నాయి, ఆడపిల్లలు ఉండే ఫ్లాట్లున్నాయి. ఎవరొచ్చారో తెలియాలి. కొన్ని చోట్ల గట్టిగానే అడగాలి. బాచుపల్లి మందుల ఫ్యాక్టరీలకో జీడిమెట్ల రసాయనాల గోదాములకో సాల్వెంట్ ట్యాంకర్ వచ్చిందనుకోండి. ప్రమాదకర సరుకు నడిపే శిక్షణ తీసుకున్నట్టు లైసెన్సు మీద నమోదు ఉండాలని నిబంధన. అక్కడ లైసెన్సు తిప్పి తిప్పి చూడాలి. చూడాల్సింది ఆ ఒక్క వాక్యమే. మన గేట్లు నేర్పిన పద్ధతి మాత్రం మొహం ఫొటో, అగ్గిపెట్టె డిపాజిట్, "ఆ చెట్టు కింద బండి పెట్టు, పిలుస్తాం". అమెరికాలో ఓడరేవు లోపల సరుకు ఎత్తాలంటే లారీ డ్రైవర్‌కు ట్విక్ అనే కార్డుండాలి. నేపథ్యం పరిశీలించి ప్రభుత్వమే ఇస్తుంది. నకిలీ కాగితాలతో వచ్చి లోడు ఎత్తుకుపోయే ముఠాల బెడద ఉంది కాబట్టి గోదాముల్లోనూ లైసెన్సు అడుగుతారు. అడిగింది ఎందుకో అక్కడ ఒక కారణం ఉంది: ఈ లోడుకు ఈ మనిషే రావాలి. మన గేటు దగ్గర ఆ సరిపోల్చడమే లేదు. ఎవరు రావాలో గార్డుకు తెలియదు. వచ్చినవాడు ఎవరో రాసుకోవడమే తెలుసు.

పైగా ఏ గేటూ ఆపనివాళ్లు కొందరున్నారు. తెల్ల ఎస్‌యూవీలో, అద్దం సగమే దించి, ఇంగ్లిష్‌లో రెండు ముక్కలు మాట్లాడితే అడ్డకర్ర దానంతటదే లేస్తుంది. గురజాడ గిరీశం ఇవాళ ప్రగతి నగర్ వచ్చాడనుకోండి. ట్యూషన్ చెప్పడానికి వచ్చానని ఇంగ్లిష్‌లో దంచి, గార్డుతో సెల్యూట్ కొట్టించుకుని, లిఫ్టులో పైకి వెళ్తాడు. బుచ్చమ్మను లేవదీసుకుపోయేటప్పుడు కూడా రిజిస్టర్‌లో సంతకం ఉండదు. వెనకాల వెంకటేశం పెట్టెలు మోస్తూ వస్తాడు చూడండి, ఐడీ అడిగేది వాడిని.

సరే, ఐడీ చూపించాడు, లోపలికి వచ్చాడు. ఇంతసేపూ అతని పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, రక్తం గ్రూపు అన్నీ కావాలన్న ప్రపంచానికి, లోపలికి రాగానే ఆ మనిషి కనపడటం మానేస్తాడు. మంచి లిఫ్టు ఎక్కొద్దు, సర్వీసు లిఫ్టు చెడిపోయింది, మెట్లున్నాయి. మంచినీళ్లు? బయట కొట్లో దొరుకుతాయి. బాత్రూము? అది రెసిడెంట్స్‌కు. మేస్త్రీకి, ట్యాంకర్ డ్రైవర్‌కు, డీసీఎం క్లీనర్‌కు శరీరం ఉందన్న సంగతి గేటు దగ్గర ఫొటో తీసినంతసేపే గుర్తుంటుంది. పగలు భారీ లారీలకు నగరంలో అనుమతి లేదు కాబట్టి రాత్రి వచ్చిన టైల్స్ లారీ తెల్లవారేదాకా గేటు బయటే ఉంటుంది, శబ్దం కాకూడదని. అసోసియేషన్ వాళ్లు దానికో బోర్డు కూడా పెట్టారు: హారన్ కొట్టరాదు. మూత్రం పోయరాదు. రెండో వాక్యానికి ప్రత్యామ్నాయం ఏ బోర్డూ చెప్పలేదు.

వాళ్లు ఒక్కరోజు రాకపోతే ఏమవుతుందో మనకు ఒకసారి తెలిసొచ్చింది. కొత్త భారతీయ న్యాయ సంహితలో ప్రమాదంలో మనిషి ప్రాణం తీసి పారిపోతే పదేళ్ల దాకా జైలన్న 106(2) సెక్షను మీద 2024 జనవరి మొదట్లో లారీ, ట్యాంకర్ డ్రైవర్లు సమ్మె చేశారు. జనవరి 2న హైదరాబాద్ పెట్రోల్ బంకుల ముందు కిలోమీటర్ల కొద్దీ బండ్లు. చంచల్‌గూడలో ఒక డెలివరీ కుర్రాడు బంకులో నిలబడి నిలబడి విసిగి, గుర్రమెక్కి ఆర్డర్ పట్టుకెళ్లాడు. ఊరంతా ఆ వీడియో చూసి నవ్వుకుంది. ఆ రోజు ఏ గేటైనా లారీ డ్రైవర్‌ను ఐడీ అడిగిందా? వస్తే చాలు, గుర్రానికైనా దారిచ్చేవాళ్లు. ఆ రాత్రే ప్రభుత్వం దిగొచ్చి, రవాణా సంఘాలతో మాట్లాడకుండా ఆ నిబంధన అమలు చేయబోమంది. 2024 జులై 1న మిగతా సంహిత అమల్లోకి వచ్చినా ఆ ఉపసెక్షన్‌ను పక్కన పెట్టారు.

గార్డు మీద కోపం తెచ్చుకోకండి. అతనూ ఒడిశా నుంచో అస్సాం నుంచో వచ్చి, పన్నెండు గంటల డ్యూటీ చేస్తూ, నెలాఖరుకు ఏజెన్సీ కోతలన్నీ పోను ఏదో అందుకునేవాడే. 2005 నాటి ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం ప్రకారం ఏజెన్సీకి లైసెన్సు ఉండాలి, గార్డు నడవడికను విచారించాలి, శిక్షణ ఇవ్వాలి, ఫొటో ఉన్న గుర్తింపు కార్డు ఇవ్వాలి. పోలీసు దుస్తుల్లా కనపడే యూనిఫాం వేసుకుంటే శిక్ష కూడా ఉంది. ఇవన్నీ జరిగాయో లేదో ఏ ట్రాలీ డ్రైవరైనా అడిగాడా? "ముందు నీ ఐడీ చూపియ్ అన్నా" అన్నాడా? అంటే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. గార్డు చదివేది కమిటీ రాసిచ్చిన స్క్రిప్టు. కమిటీ అంటే ఆదివారం పొద్దున క్లబ్‌హౌస్‌లో ఇడ్లీ తింటూ "సెక్యూరిటీ టైట్ చేయాలండీ" అని తీర్మానించే మనమే.

కాబట్టి ఈసారి మీ అపార్ట్‌మెంటు సర్వసభ్య సమావేశంలో, మెయింటెనెన్స్ పెంపు మీదా కుక్కల మీదా గొడవలు అయిపోయాక, లేచి నాలుగు మాటలు అనండి. వచ్చే బండి నంబరు, ఏ ఫ్లాటుకో ముందే ఇంటివాళ్లు గేటుకు చెప్పాలి. గార్డు పేరు అడిగి సరిపోల్చుకుని పంపాలి. లైసెన్సు చూడొచ్చు గానీ సొరుగులో పెట్టుకోకూడదు, ఆధార్ ఫొటో తీయకూడదు. రిజిస్టరు మూసి పెట్టాలి. గేటు పక్కన ఒక బాత్రూము, ఒక మంచినీళ్ల కుళాయి, వాటికి తాళం లేకుండా. సెక్రటరీ గారు ఇదెందుకంటే, ఆయన సొంత ఐడీ ఒకసారి చూపించమని అడగండి.